జీబ్రా చేప బతికే చిన్న నీళ్లకూ లెక్క ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

వానాకాలం మొదలుకాగానే దోమల నివారణ పేరుతో చెరువుల్లో, కుంటల్లో గంబూషియా చేపపిల్లలను వదులుతున్న వార్తలు పత్రికల్లో వస్తుంటాయి. పంట కాలువలకు సిమెంటు లైనింగు వేసే పనుల గురించి, పూడికతీత గురించి కూడా తరచుగా చదువుతుంటాం. ఈ పనులన్నీ ప్రజల మేలు కోరి చేపట్టినవే, వాటి అవసరాన్ని నేను కాదనడం లేదు. అయితే ఆ వార్తల్లో ఎప్పుడూ చోటు దొరకని ఒక చిన్న జీవి గురించి, అది బతికే నీళ్ల గురించి జంతుశాస్త్రం బోధించే వ్యక్తిగా కొన్ని విషయాలు పాఠకుల ముందు, అధికారుల ముందు ఉంచాలనుకుంటున్నాను. ఆ జీవి జీబ్రా చేప. శాస్త్రీయ నామం డేనియో రెరియో.

నిండా పెరిగినా మూడు నాలుగు సెంటీమీటర్లకు మించని ఈ మంచినీటి చేపకు మొప్పల వెనక నుంచి తోక చివరిదాకా నీలి చారలు, వాటి మధ్య వెండి, బంగారు వన్నెలు ఉంటాయి. ఒంటరిగా ఉండలేదు, ఎప్పుడూ గుంపుగానే తిరుగుతుంది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నదీ ప్రాంతపు చేపల గురించి 1822లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని తొలిసారి వర్ణించారు. ఆయనకు ఇది దొరికిన చోటు కోసీ నది. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాలు, నేపాల్, బంగ్లాదేశ్ దీని ప్రధాన నివాసం. పశ్చిమ కనుమల నుంచి కూడా ఇది నమోదైంది. అంటే ఇది పూర్తిగా మన ఉపఖండపు చేప.

ప్రపంచంలోని జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఎలుక తరువాత అంత విస్తృతంగా వాడే వెన్నెముక జంతువుల్లో ఇదొకటి. అమెరికాలోని ఓరెగన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ 1970లలో దీన్ని జన్యు పరిశోధనకు ఎంచుకుని, 1981లో తన ఫలితాలను ప్రచురించారు. ఆ ఎంపికకు బలమైన కారణాలున్నాయి. గుడ్డు తల్లి శరీరం బయటే ఫలదీకరణం చెంది, అక్కడే పెరుగుతుంది. పిండం అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి గుండె తొలిసారి కొట్టుకోవడాన్ని సూక్ష్మదర్శిని కింద నేరుగా చూడవచ్చు. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది, దాదాపు మూడు నెలల్లో అది తిరిగి గుడ్లు పెట్టే వయసుకు చేరుతుంది. గుండెలోని జఠరికలో అయిదో వంతు కోసేసినా, రెండు నెలల్లో ఆ భాగం తిరిగి పెరుగుతుందని 2002లో తేలింది. 2013లో వెలువడిన దాని పూర్తి జన్యుక్రమం ప్రకారం, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో కనీసం ఒక సమాన జన్యువు ఉంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలోనూ దీనిపై పరిశోధనలు జరుగుతున్నాయి. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు అస్సాం నుంచి వచ్చిన జీబ్రా చేపల వంశం జన్యుక్రమాన్ని 2009లో ప్రకటించారు.

ఇన్ని విషయాలు తెలిసిన మనకు, ఈ చేప పుట్టి పెరిగే నీళ్ల గురించి తెలిసింది మాత్రం చాలా తక్కువ. దాని ప్రయోగశాల జీవితం మీద వేలాది పరిశోధన పత్రాలు ఉండగా, సహజ జీవితం మీద శ్రద్ధగా చేసిన క్షేత్ర అధ్యయనాలు ఎక్కువగా 2000 తరువాతనే మొదలయ్యాయి. అందువల్ల ఆ నీళ్లు ఎలా ఉంటాయో కొంచెం వివరంగా చెప్పడం అవసరమనుకుంటున్నాను.

జీబ్రా చేప పెద్ద నదుల నడిమి లోతుల్లో ఉండే చేప కాదు. బంగ్లాదేశ్‌లోనూ ఈశాన్య భారతంలోనూ పరిశోధకులకు ఇది ఎక్కువగా దొరికింది అడుగు, రెండడుగుల లోతు మాత్రమే ఉండే తేటనీటిలో: వరి మడుల పక్కన పారే పిల్లకాలువల్లో, వాగుల అంచు మడుగుల్లో, చెరువు ఒడ్డున గడ్డి మునిగి ఉన్న చోట్ల. అడుగున ఒండ్రు మట్టో, గులకరాళ్లో ఉంటాయి. ఒడ్డు మొక్కలు నీటిలోకి వాలి నీడనిస్తాయి. ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది, కొన్ని కొండవాగుల్లో మాత్రం వేగంగానే ఉంటుంది. ప్రయోగశాలలో ఏడాది పొడవునా 28 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచిన తొట్టిలో బతికే ఈ చేప, తన సొంత నీళ్లలో చలికాలపు 16, 17 డిగ్రీల చల్లదనాన్నీ, ఎండాకాలంలో 35 డిగ్రీలు దాటే వేడినీ భరిస్తుంది. నీటిలో తేలే సూక్ష్మ జంతువులను, పురుగులను, నీటి ఉపరితలం మీద పడే కీటకాలను తింటుంది. దోమ లార్వాలు కూడా దాని ఆహారంలో ఉన్నాయి. ఈ చివరి మాటను దయచేసి గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

దీన్ని వేటాడేవి కూడా ఆ నీళ్లలోనే, ఆ గట్ల మీదే ఉంటాయి. కొరమీను, జెల్ల వంటి చేపలు, తూనీగల పిల్లపురుగులు, కొంగలు, లకుముకి పిట్టలు. ఇన్ని నోళ్ల మధ్య ఇంత చిన్న ప్రాణి బతకగలగడానికి గుంపే ఆధారం. గుంపులో ఉన్నప్పుడు శత్రువును ముందుగా పసిగట్టే కళ్లు ఎక్కువ ఉంటాయి. ఒకేలా కదిలే చారల మధ్య ఏ ఒక్క చేప మీదా వేటాడే జంతువు దృష్టి నిలవదు. ఒక చేప చర్మం చిరిగితే నీటిలో కలిసే రసాయనాన్ని గుర్తించి మిగిలినవి ఒక్కసారిగా దగ్గరకు చేరడమో, అడుగుకు దిగిపోవడమో చేస్తాయి. చేపల్లో ఇలాంటి ప్రమాద సంకేతం ఉందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ మరో చిన్న మంచినీటి చేపలో గమనించి 1938లో ప్రకటించారు, జీబ్రా చేపలోనూ అది ఉంది. గుంపు పరిమాణం కూడా నీటిని బట్టి మారుతుంది. నిలకడగా ఉన్న నీటిలో పదికి లోపు చేపలే కలిసి తిరిగితే, వేగంగా పారే ఏటిలో వందల చేపలు బారుగా సాగిన సందర్భాలు నమోదయ్యాయి. తనతో పాటు పెరిగిన చేపల చారలను చూసి, పెద్దయ్యాక ఏ గుంపులో చేరాలో నిర్ణయించుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. ఇంతగా చూపు మీద ఆధారపడిన జీవికి నీరు తేటగా ఉండటం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. గట్లు తెగ్గొట్టి, ఒడ్డు గడ్డిని పూర్తిగా చెక్కేసి, కాలువను నిత్యం బురదనీటితో నింపితే చేప వెంటనే చావకపోవచ్చు గాని, గుంపుగా ఉండటం వల్ల దానికి దక్కే రక్షణ తగ్గిపోతుందని నా అభిప్రాయం.

దీని బతుకులో మరో సున్నితమైన అంశం కాలం. ప్రయోగశాలలో మూడు నాలుగేళ్లు జీవించే ఈ చేప, సహజ పరిస్థితుల్లో చాలావరకు ఏడాది పంటలాంటిది. వానలు పడి నీరు పొంగి, మడుల అంచుల్లోకి, తాత్కాలిక గుంటల్లోకి పాకినప్పుడు పెద్ద చేపలు ఆ లోతులేని నీటిలోకి వెళ్లి తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. గుడ్లకు కాపలా ఉండవు, పైగా దొరికితే తామే తింటాయి కూడా. గులకరాళ్ల సందుల్లోకి జారిన గుడ్లే ఎక్కువగా దక్కుతాయి. ఆ గుంటల్లో పెరిగిన పిల్లలు నీరు తీసేలోగా తిరిగి కాలువలోకో, వాగులోకో చేరాలి. వచ్చే ఏటి వానలకు గుడ్లు పెట్టవలసింది అవే. కాబట్టి ఒక కాలువలో ఒక్క వానాకాలం గుడ్లన్నీ పాడైతే, మరుసటి ఏడాది అక్కడ ఈ చేప ఉండకపోవచ్చు. ఎగువ నుంచో, పక్క వాగు నుంచో కొత్త చేపలు వచ్చే దారి ఉంటేనే మళ్లీ కనిపిస్తుంది. కాలువ, మడి, కుంట, వాగు ఒకదానితో ఒకటి కలిసి ఉండటమే దీని నివాసం. వాటిలో ఏ ఒక్కదాన్నో విడిగా కాపాడితే సరిపోదు.

ప్రయోగశాలల్లో కోట్ల సంఖ్యలో పెరుగుతున్న చేప ఎలాగూ అంతరించిపోదు కదా అని కొందరు అడగవచ్చు. నిజమే, అంతరించదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి కూడా దీన్ని ప్రస్తుతానికి ఆందోళన అక్కరలేని జాతుల వర్గంలోనే చేర్చింది. కానీ తొట్టిలోని చేప, వాగులోని చేప ఒకటి కావు. దీనికి 2014లో వెలువడిన ఒక అధ్యయనం స్పష్టమైన నిదర్శనం చూపింది. పరిశోధకులు ఎక్కువగా వాడే రెండు ప్రయోగశాల వంశాల్లో, పిల్ల ఆడదవుతుందో మగదవుతుందో నిర్ణయించే సహజ జన్యు ఏర్పాటు కనిపించలేదు. పశ్చిమ బెంగాల్‌లోని నదియా, కూచ్ బిహార్ ప్రాంతాల నుంచి తీసుకెళ్లిన చేపల వంశాల్లో మాత్రం అది నాలుగో క్రోమోజోము మీద చెక్కుచెదరకుండా ఉంది. ఆ రెండు ప్రయోగశాల వంశాల్లో ఒకదాని మూలాలు అమెరికాలో ఒక చిన్న పట్టణంలోని పెంపుడు జంతువుల దుకాణాల్లో కొన్న చేపల్లో ఉన్నాయి. దశాబ్దాల పాటు తొట్టెల్లో పెరిగే క్రమంలో అంత మౌలికమైన లక్షణమే జారిపోయింది. అది ఇంకా మిగిలి ఉన్న చోటు మన నీళ్లే. సహజ జనాభాల్లో ఉన్న జన్యు వైవిధ్యం ప్రయోగశాల వంశాల్లో ఉన్నదానికంటే చాలా ఎక్కువని ఇతర అధ్యయనాలూ చెబుతున్నాయి. వైద్య పరిశోధన ఈ చేప నుంచి రేపు నేర్చుకోవలసిన వాటిలో ఎన్నో ఆ పిల్లకాలువల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు మన చట్టం ఈ నీళ్లను ఎలా చూస్తున్నదో గమనించండి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నియమాలు చిత్తడి నేలకు విశాలమైన నిర్వచనమే ఇచ్చాయి గాని, ఆ వెంటనే నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, తాగునీటి కోసం కట్టిన చెరువులను, సాగునీటికి, చేపల పెంపకానికి నిర్మించిన కట్టడాలను దాని పరిధి నుంచి తప్పించాయి. జీబ్రా చేప ఎక్కడెక్కడ ఉంటుందో పైన రాశాను. వాగు, వరి మడి, పంట కాలువ: ఆ మూడూ ఈ మినహాయింపుల్లోనే ఉన్నాయి. మినహాయింపు తగలని చిన్న కుంటల పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా లేదు. ఇస్రో సంస్థలు ఉపగ్రహ చిత్రాలతో రూపొందించిన జాతీయ చిత్తడి నేలల అట్లాసులో 2.25 హెక్టార్లకు మించినవాటినే హద్దులతో గుర్తించారు. అంతకంటే చిన్నవి దేశంలో 5,55,557 ఉన్నాయని లెక్కగట్టినా, పటం మీద వాటిని చుక్కలుగా మాత్రమే చూపగలిగారు. సుప్రీంకోర్టు 2017లో రక్షణ కల్పించాలని ఆదేశించినది 2.25 హెక్టార్లు దాటిన 2,01,503 చిత్తడి నేలలకు. ఆ ఆదేశం ఎంతో విలువైనది, సందేహం లేదు. కానీ అడుగు లోతు నీటిలో బతికే చేపకు అది అందడం లేదు.

రైతులకు సాగునీరు అందే కాలువ మీద చట్టపు ఆంక్షలు రుద్దమని నేను కోరడం లేదు. వరి మడిని అభయారణ్యంగా ప్రకటించడం జరిగే పనీ కాదు, న్యాయమూ కాదు. ఈ చేప శతాబ్దాలుగా సేద్యంతో కలిసే బతికింది, అందులో మన రైతుల పాత్ర ఉంది. నేను అడుగుతున్నది, ప్రభుత్వ డబ్బుతో జరిగే పనుల్లోనైనా ఆ చిన్న నీళ్లలో ప్రాణులున్నాయన్న గుర్తింపు ఉండాలని.

గంబూషియా విషయమే తీసుకుందాం. ఈ చేప ఉత్తర అమెరికాది. మన దేశానికి 1928లో తెచ్చారు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి ఆక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది. మన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కూడా దీన్ని ఆక్రమణ జాతిగా గుర్తించింది. ఇది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది. అందువల్ల గుడ్లు దక్కని నీళ్లలో కూడా వేగంగా పెరిగిపోతుంది. స్థానిక చేపల గుడ్లను, పిల్లలను తింటుంది, తనకంటే నెమ్మదిగా కదిలే చేపల రెక్కలు కొరుకుతుంది. ఇక దోమల సంగతి. డెంగీ వ్యాప్తి చేసే ఏడిస్ దోమ ఎక్కువగా పెరిగేది ఇళ్లలోని, ఇళ్ల చుట్టూ ఉన్న తొట్టెల్లో, డ్రమ్ముల్లో, పూలకుండీల పళ్లేల్లో, పాత టైర్లలో నిలిచిన నీటిలో. ఊరి చెరువులో వదిలిన గంబూషియా ఆ దోమను ఏం చేయగలదు? చెరువులో, కాలువలో పెరిగే దోమ లార్వాలను తినడానికి జీబ్రా చేప, దాని బంధువులైన డేనియోలు, రాస్బోరాలు, పరిగెలు, పంచాక్స్ చేపలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. అవి ఉన్న నీటిలో వాటి గుడ్లను తినే పరాయి చేపను దోమల పేరుతో వదలడం వల్ల, ఉన్న కాపలాను మనమే తీసేసినట్టవుతున్నది. ప్రజారోగ్య శాఖ ఈ కార్యక్రమాన్ని కాలువలు, వాగులు, వరద వస్తే వాటిలో కలిసే చెరువులు, కుంటల విషయంలో వెంటనే ఆపాలి. చేపలు వదలక తప్పని చోట్ల మత్స్యశాఖ సాయంతో అదే నదీ పరీవాహక ప్రాంతపు స్థానిక జాతులనే వాడాలి.

పురుగుమందుల గురించి ఒక మాట. కొత్త రసాయనం చేపలకు ఎంత విషమో తేల్చడానికి పలు దేశాల ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఓఈసీడీ 2013లో ఆమోదించిన ఒక పరీక్షా విధానంలో జీబ్రా చేప పిండాలను 96 గంటల పాటు ఆ రసాయనం కలిపిన నీటిలో ఉంచి చూస్తారు. అంటే రసాయనాల భద్రతకు కొలబద్దగా ప్రపంచం ఎంచుకున్న జీవి ఇదే. మడిలో పిచికారీ చేసిన మందు వానకు కొట్టుకొచ్చి చేరేది, ఆ జీవి గుడ్లు పెట్టే పిల్లకాలువలోకే, అదీ సరిగ్గా గుడ్లు పెట్టే నెలల్లో. వ్యవసాయ శాఖ సిబ్బంది పిచికారీ గురించి రైతులకు చెప్పేటప్పుడు, నీటి అంచున రెండు మూడు గజాలు వదిలేయమనీ, డబ్బాలు, స్ప్రేయర్లు కాలువలో కడగవద్దనీ గట్టిగా చెప్పగలిగితే ఖర్చు లేకుండానే ఎంతో మేలు జరుగుతుంది.

కాలువల లైనింగు మీద నా అభ్యంతరం పరిమితమైనది. నీరు ఇంకిపోకుండా ప్రధాన కాలువలకు లైనింగు అవసరమన్న ఇంజినీర్ల వాదనను గౌరవిస్తాను. అయితే రెండు వైపులా నిలువు గోడలతో, నున్నటి సిమెంటు అడుగుతో కట్టిన చిన్న కాలువలో గడ్డి మొలవదు, గులకరాయి నిలవదు, మడిలోకి చేప వెళ్లే దారీ ఉండదు. చివరి పిల్లకాలువలను మట్టి గట్లతోనే ఉంచడం, లైనింగు తప్పని చోట అక్కడక్కడా అడుగు మట్టిగా వదిలి, కాలువ కట్టేసినప్పుడు కూడా కొంత నీరు నిలిచే చిన్న గుంటలు ఉంచడం అంచనాల్లోనే చేర్చవచ్చు. పూడికతీసేటప్పుడు కుంట మొత్తాన్ని ఒకేసారి ఎండగట్టకుండా, ఒక మూలనైనా నీరు, గడ్డి మిగిలేలా చూడాలి. ఎండాకాలంలో ఆ మూలే వచ్చే వానలకు గుడ్లు పెట్టే చేపలకు ఆశ్రయం.

పెంపుడు చేపల వ్యాపారంలో ఉన్నవారికీ ఒక విన్నపం. జన్యుమార్పిడితో ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో మెరిసేలా తయారుచేసిన జీబ్రా చేపలు బ్రెజిల్‌లో పెంపక కేంద్రాల నుంచి తప్పించుకుని వాగుల్లో స్థిరపడి సంతానం పెంచుకుంటున్నాయని 2022లో శాస్త్రవేత్తలు నివేదించారు. అక్కడ వాటికి సహజ బంధువులు లేరు. ఇక్కడ ఉన్నాయి. అలాంటి చేప ఒక్కటి మన వాగులో పడినా, అడవి చేపలతో కలిసి పిల్లల్ని కనే ప్రమాదం ఉంది. అందువల్ల అక్వేరియం చేపలను, అవి ఏ జాతివైనా సరే, విసుగొచ్చినప్పుడు చెరువులో వదిలే అలవాటు పూర్తిగా మానుకోవాలి.

చివరిగా, చేతిలో ఉన్న ఒక సాధనం గురించి. జీవవైవిధ్య చట్టం 2002 కింద ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. ఆ రిజిస్టరులో పిల్లకాలువల్లో, కుంటల్లో కనిపించే చిన్న చేపలకు ఒక ప్రత్యేక భాగం కేటాయించి, వానలకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి ఏ నీటిలో ఏ చేప ఉందో రాయించమని రాష్ట్ర జీవవైవిధ్య మండళ్లను తమ పత్రిక ద్వారా కోరుతున్నాను. జంతుశాస్త్రం చదువుతున్న డిగ్రీ విద్యార్థులకు ఇది మంచి క్షేత్ర పని అవుతుంది. కళాశాలలు ముందుకొస్తే మత్స్యశాఖ అధికారులు చేపల గుర్తింపులో తోడ్పడగలరు. అలా రాసిన రిజిస్టరును నీటిపారుదల, ప్రజారోగ్య శాఖలు ఏ కాలువ పనికైనా, ఏ కుంటలో చేపలు వదలడానికైనా ముందు తప్పనిసరిగా చూడాలని ఒక ఉత్తర్వు ఇస్తే, వచ్చే వానాకాలం నుంచే ఇది అమలులోకి రాగలదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు